గ్యాంగ్‌వాళ్లకు గుంత పూడ్చడం నేర్పేటప్పుడు

అమ్మాయీ,

పంచాయతీరాజ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి నెల తిరక్కుండానే, రోడ్డు గుంతలు పూడ్చే గ్యాంగ్‌వాళ్లకు శిక్షణ పెట్టమన్నారని రాశావు. మండలాఫీసులో ప్రొజెక్టరు పెట్టి చూపించే ఆలోచన మానుకో. మేస్త్రితో సహా అందరినీ రోడ్డు మీదికే తీసుకెళ్లి, ఒక గుంతను మొదట్నుంచి చివరిదాకా వాళ్ల చేతే పూడ్పించు. మే దాటనివ్వకు.

ముందుగా ఆ రోడ్డు ఎవరి పూచీలో ఉందో ఫైలు చూడు. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) రోడ్డయితే పూర్తయ్యాక ఐదేళ్లు నిర్వహణ కాంట్రాక్టరుదే.

గుంత ఉన్నంతమేరే నింపితే వదులైన అంచులు మళ్లీ ఊడతాయి. గట్టి తారు తగిలేదాకా జరిగి, గుంత చుట్టూ సుద్దతో నలుచదరంగా గీయించు. గీత వెంట ఉలి, సమ్మెటతో అంచులు నిట్టనిలువుగా కొట్టాలి. అడుగున నానిన కంకర ఉంటే తీసేయాలి. దుమ్ము ఊడ్చాక అడుగుకీ పక్కలకీ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) పూయాలి. పాత తారు మీదైతే చదరపు మీటరుకు పావు కిలో చాలు. ఎక్కువ పోస్తే ఎండకు తారు పైకి ఉబికి బళ్లు జారతాయి.

అందరూ తొందరపడేది ఇక్కడే. పూసినప్పుడు ఎమల్షన్ గోధుమ రంగులో ఉంటుంది. నీరు విడిపోయి నల్లబడేదాకా మిక్స్ (తారు కలిపిన కంకర) వేయనివ్వకు, వేస్తే అది పాత రోడ్డుకు అంటుకోదు. ఆ రంగు మారడం ప్రతి ఒక్కరూ వంగి కళ్లారా చూడాలి.

వేడి మిక్స్ అయితే లారీ మీద టార్పాలిన్ కప్పి తెప్పించు. 90 డిగ్రీలకు దిగకముందే రోలర్ పని అయిపోవాలి, కాబట్టి థర్మామీటరు నీ చేతిలో ఉండాలి. లోతైన గుంతను ఒక్కసారే నింపొద్దు, పొరలుగా వేసి ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టించు. అణిగేందుకు చివరి పొర కాస్త ఎత్తుగా వదిలి, అప్పుడు రోలర్ ఎక్కించు.

ఇంత చేసినా బెర్ము (తారు పక్కనుండే మట్టి అంచు) వదిలేస్తే ఒక్క వర్షాకాలానికే పని మళ్లీ మొదటికొస్తుంది. గడ్డీ మట్టీ పేరుకుని బెర్ము ఎత్తయితే నీళ్లు తారు అంచునే నిలుస్తాయి. కింద నల్లరేగడి నానిందంటే, లోడు ట్రాక్టరు వెళ్లగానే పైన తారు విరుగుతుంది. క్యాంబర్ (నడిరోడ్డు నుంచి అంచులకు ఉండే వాలు) కొలవడం కూడా వాళ్లకే నేర్పు. నడిరోడ్డుకు దారం ఆనించి లెవెల్‌గా అంచుదాకా లాగాలి. 3 శాతం వాలుతో వేసిన 3.75 మీటర్ల వెడల్పు రోడ్డయితే, అందులో సగానికి లెక్కేసి అంచు దగ్గర దారం కింద దాదాపు 5.6 సెంటీమీటర్లు ఖాళీ రావాలి. బెర్ము వాలు దానికన్నా ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. బెర్ము చెక్కి వాలు సరిచేసే పనికి తారు అక్కర్లేదు, పారలు చాలు. పూడ్చడానికి ముందు రోజే చేయించు.

మీ పెదనాన్న