పుట్టుకతోనే కంటి నరం సన్నగా ఉంటే అద్దాలతో చూపు వస్తుందా?

ఏడు నెలల మీ బాబు కళ్ళు నిలకడ లేకుండా ఊగుతున్నాయని, రెండు కళ్ళ నరాలూ పుట్టుకతోనే సన్నగా ఉన్నాయని డాక్టరు చెప్పారని రాసి, అద్దాలతోనో ఆపరేషన్‌తోనో చూపు వస్తుందా అని అడిగారు. హనుమకొండలో ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికీ ఇదే లోపం ఉంది.

దీన్ని ఆప్టిక్ నర్వ్ హైపోప్లేసియా అంటారు. మామూలుగా ఒక్కో కంటి నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. ఈ పిల్లలకు అవి తల్లి కడుపులోనే తక్కువగా ఏర్పడతాయి కాబట్టి, లేని పోగులను అద్దాలు గానీ ఆపరేషన్ గానీ తేలేవు. స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స పేరుతో లక్షలు అడిగేవారి దగ్గరికి దయచేసి వెళ్ళకండి. అయితే ఈ లోపం వయసుతో పాటు ముదిరేది కాదు, పైగా మొదటి రెండు మూడేళ్ళలో కొందరికి చూపు కొంత మెరుగుపడుతుంది కూడా. డాక్టరు చీటీలో మార్నింగ్ గ్లోరీ (కంటి నరం మొదలు గుంటలా ఏర్పడే మరో పుట్టుక లోపం) అని రాసి ఉంటే మాత్రం సంగతి వేరు, అందులో రెటీనా, అంటే కంటి లోపలి తెర, ఊడే ప్రమాదం ఉన్నందున తరచూ చూపించాలి.

మాకు ఆలస్యంగా తెలిసిన ఒక విషయం మీకు ఈ వారమే తెలియాలి. ఈ పిల్లల్లో చాలామందికి మెదడు అడుగున ఉండి ఒంట్లోని హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి సరిగా పనిచేయదు. మా పాపకు రెండో ఏట జ్వరం, వాంతులు వచ్చి, ఒళ్ళు చల్లబడి, ఎంత పిలిచినా పలకలేదు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని, జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే కార్టిసోల్ అనే హార్మోన్ సరిపడా తయారు కావడం లేదని అప్పుడు తేలింది. అంతకుముందు మేము తిరిగిన ఆసుపత్రిలో కళ్ళు చూశారే తప్ప హార్మోన్ల మాట ఎవరూ ఎత్తలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు దానికి బదులుగా రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్ర వేస్తున్నాం, జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చిన ప్రకారం మోతాదు పెంచుతాం. మీరు పిల్లల హార్మోన్ డాక్టరును కలిసి థైరాయిడ్, కార్టిసోల్, ఎదుగుదల హార్మోన్ల పరీక్షలు, మెదడు ఎంఆర్ఐ చేయించండి. ఎంఆర్ఐ బాగానే వచ్చిందని రక్త పరీక్షలు మానవద్దు, ఇప్పుడు సరిగా ఉన్న హార్మోన్లు తర్వాత తగ్గవచ్చు గనుక మళ్ళీ మళ్ళీ చేయించాలి.

ఇక ఉన్న చూపును వాడుకోవడం నేర్పాలి. మా పాప స్టీలు కంచంలో తెల్లన్నాన్ని చేత్తో తడుముకుంటూ సగం కింద పోసేది. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువున్నవారికి సాయపడే ‘లో విజన్’ విభాగం వారు చెప్పాక, తెల్లన్నం విడిగా కనబడేలా ముదురు నీలం పళ్ళెం కొన్నాం. ఆ రాత్రి చివరి మెతుకు వరకూ ఏరుకుని తిన్నది. అలాగే మీ బాబు కొంచెం పెద్దయ్యాక దేన్నైనా మెడ ఒక పక్కకు తిప్పి చూస్తుంటే, తలను పట్టి నిటారుగా పెట్టబోకండి. ఆ కోణంలోనే కళ్ళ ఊపు తగ్గి చూపు నిలుస్తుంది.