నెల లిస్టు బాగానే ఉంది, ఖర్చంతా సాయంత్రం ఏడింటికే

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం జాబ్ చేస్తాం, ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే. చేతికొచ్చేది 1,35,000, హోమ్ లోన్ ఈఎంఐ 42,000. లిస్టు రాసుకునే సూపర్ మార్కెట్‌కి వెళ్తున్నా తిండి ఖర్చు 34,000 దాకా పోతోంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా 5,000 సిప్ కట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాం, మిగలట్లేదు. సరుకుల్లో ఏం తగ్గించమంటారు?

జవాబు: సరుకుల్లో ఏమీ తగ్గించక్కర్లేదండి. మీరు పంపిన లెక్కలో నెల సరుకులు 9,500, పాలు 4,000, కూరగాయలు పళ్ళు 5,000, ఐదుగురున్న ఇంటికి ఇది ఎక్కువేం కాదు, మిగతా 15,500 చూడండి, పది నిమిషాల డెలివరీ యాప్‌లకి 8,500, బయట నుంచి తెప్పించిన టిఫిన్లకీ బిర్యానీలకీ 7,000. ఇది మీ ఒక్కరి ఇంట్లోనే కాదులెండి, కేంద్రం చేసిన 2023-24 గృహ వినియోగ సర్వేలో నగరాల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా దాదాపు 40 శాతం, అందులో మళ్ళీ పాలనీ కూరగాయలనీ దాటేసి అన్నిటికంటే పైన ఉన్నది ప్యాకెట్లు, కూల్ డ్రింకులు, బయటి తిండి లెక్కే.

ఒక పని చేయండి, ఆ యాప్‌లో పాత ఆర్డర్లు తెరిచి ఏ టైమ్‌కి పెట్టారో చూడండి. నా దగ్గరికొచ్చే ఉద్యోగస్తుల ఇళ్ళల్లో ఎక్కువగా సాయంత్రం ఏడు అటూఇటుగా ఉంటాయి. ఆఫీస్ నుంచి వచ్చి ఇవాళ ఏం వండాలి అని నిలబడ్డప్పుడు ఫ్రిజ్‌లో బెండకాయ ఉంటుంది గానీ ఓపిక ఉండదు, టమాటాలు కావాలని యాప్ తెరుస్తాం, చిన్న ఆర్డర్ అని ఫీజు వేస్తాడు, అది తప్పించుకోడానికి చిప్స్ ఒకటి, ఐస్‌క్రీమ్ ఒకటి వేస్తాం, 80 రూపాయల పని 310 అవుతుంది. దీనికి నెల లిస్టు ఎంత బాగా రాసినా ఉపయోగం లేదు, మీరు రాయాల్సింది వారానికి.

శనివారం రాత్రి అత్తగారితో కూర్చుని రాయండి, వంట ఎక్కువ ఆవిడ చేతిలోనే ఉంటే ఆవిడ లేకుండా రాసిన మెనూ సోమవారం కూడా దాటదు. ముందు ఫ్రిజ్ తెరిచి ఉన్నవి చూశాకే కాగితం తీయండి. ఫలానా రోజు ఫలానా కూర అని గట్టిగా రాసుకుంటే నడవదు, త్వరగా పాడయ్యేవి ముందు వండేలా రాసుకోండి. ఆదివారం పొద్దున్నే రైతుబజార్‌కి వెళ్తే, బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసే ఉంటాయి, తోటకూర, పాలకూర, గోంగూర సోమ మంగళవారాల్లోపు అయిపోవాలి, బెండకాయ దొండకాయ బుధ గురువారాలకి, ఆలుగడ్డ, క్యాబేజీ, గుమ్మడికాయ వారం చివరికి. మధ్యలో ఒక రోజు కోడిగుడ్డు పులుసు, ఇంకో రోజు ఉత్త పప్పుచారు అప్పడం, పిల్లలు మూతి ముడిస్తే ముడుస్తారు. ఆదివారం ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన పిండి కలిపేసుకుంటే ముందు ఇడ్లీలు, పిండి పులిసే కొద్దీ ఊతప్పాలు, బుధవారం దాకా టిఫిన్ గొడవ ఉండదు. పిండి ప్యాకెట్లు కొనడం తప్పని నేననను, ఓపిక లేని వారం కొనండి, ఇడ్లీలే బయట నుంచి తెప్పించడం కంటే అదే నయం.

శుక్రవారం రాత్రి బయటి ఫుడ్ అని మెనూలోనే రాసేయండి. అసలు తినం అని ఒట్టు పెట్టుకున్న ఇళ్ళల్లో రెండో వారానికే డబుల్ ఆర్డర్లు పడతాయి.

డబ్బు సంగతికొస్తే, పాలు, నెల సరుకులు అలాగే ఉంచండి. కూరగాయలు, యాప్‌లు, బయటి తిండి మూడూ కలిపి వారానికి 3,300, అందులో బయటి తిండి 1,000 దాటకూడదు. అంటే ఏడాదికి 52 వారాల లెక్కన నెలకి 14,300, ఇప్పుడు మీకు అవుతున్నది 20,500, ఆరు వేలు పైనే మిగులుతుంది. ఈ 3,300 జీతం అకౌంట్‌లో ఉంచొద్దు, ప్రతి ఆదివారం వేరే అకౌంట్‌కి మార్చండి. అత్తగారికి ఫోన్‌లో కట్టడం అలవాటుంటే మీ అకౌంట్ నుంచే ఆవిడ కట్టుకునేలా యూపీఐ సర్కిల్‌లో యాడ్ చేసి లిమిట్ పెట్టొచ్చు, నెలకి 15,000 వరకు కుదురుతుంది, అలవాటు లేకపోతే కవర్లో క్యాష్ పెట్టి ఇవ్వండి, అదీ బాగానే పనిచేస్తుంది.

బియ్యం బస్తా కొనేటప్పుడు మాత్రం కిలో రేటు లెక్కేసుకోండి. 2022 జూలై నుంచి 25 కిలోల వరకు లేబుల్ ఉన్న ప్యాకింగ్‌కి 5 శాతం జీఎస్టీ పడుతోంది, అందుకే 26 కిలోల బస్తాలు వచ్చాయి, బస్తా రేటు పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతారు. చింతపండు, ఎండుమిర్చి, తాండూరు కందిపప్పు లాంటి ఏడాది సరుకు కొత్త పంట వచ్చే ఫిబ్రవరి, మార్చిల్లో కొనే అలవాటుంటే ఆ నెల బడ్జెట్ తలకిందులవుతుంది, దానికి సరుకుల 9,500 లోంచే నెలకి 800 తీసి పెట్టుకోండి.

ఇక సిప్. మీ లెటర్‌లో ఎమర్జెన్సీ డబ్బు మాటే లేదు, ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆగితే 42,000 ఈఎంఐ ఎక్కడినుంచి కడతారు? అందుకే ముందు బ్యాంకులో నెలనెలా 6,000 కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) పెట్టండి, జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా, నెలాఖరుకి మిగిలితే చూద్దాం అంటే ఏడాదిగా ఏమైందో చూశారుగా. 21 నెలలకి 1,26,000, వడ్డీ కాకుండానే మూడు ఈఎంఐలు. అప్పుడు అదే 6,000 ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీని బట్టి నడిచే మ్యూచువల్ ఫండ్) సిప్‌కి మార్చండి. ఈలోపు బోనస్ ఏదైనా వస్తే అది కూడా ఈ ఎమర్జెన్సీ డబ్బులోనే కలిపేయండి, సిప్ ఇంకాస్త ముందే మొదలుపెట్టొచ్చు.