మీరడిగారు: టేబుల్ మీద రైలు

ప్రశ్న: సార్, 4 అడుగులు బై 3 అడుగుల టేబుల్ ఉంది, హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు రైలుకి 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్ వేసి ఎల్‌హెచ్‌బీ కోచ్‌లు (పొడవాటి ప్యాసింజర్ పెట్టెలు) తిప్పాలని ఆశ, తిరుగుతాయా? బాక్స్‌ఎన్ వ్యాగన్ (బొగ్గు మోసే, పైకప్పు లేని గూడ్స్ పెట్టె) మోడల్ బొమ్మలా మెరుస్తోంది, దానికేం చెయ్యాలి?
- ఓ పాఠకుడు, కాజీపేట

జవాబు: తిరగడం తిరుగుతాయేమో గానీ చూడ్డానికి బాగోదండీ. నిజం రైలు కోచ్ బాడీయే దాదాపు 23.5 మీటర్లు, 1:87లో అది 27 సెంటీమీటర్లు, మీ టేబుల్ మీద పట్టే కర్వ్ రేడియస్ ఏమో 36 నుంచి 40 సెంటీమీటర్లు, అంటే మలుపులో కోచ్ మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి తన్నుకొచ్చి ప్లాట్‌ఫామ్‌ని గీకేస్తాయి. పొట్టి వ్యాగన్లతో గూడ్స్ బండి నడపండి, కోచ్‌లే కావాలంటే 1:160 ఎన్ స్కేల్‌కి వెళ్లండి, అక్కడ అదే కోచ్ 15 సెంటీమీటర్లలోపే. ఇంకోటి, హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., అది విదేశాల్లో ఎక్కువగా వాడే 1435 మి.మీ. గేజ్‌కి లెక్క, మన 1676 బ్రాడ్‌గేజ్‌కైతే 19 దాటాలి, కాబట్టి ఎదురుగా చూస్తే మన బండ్లకి పట్టాలు ఇరుకుగానే కనిపిస్తాయి, చాలామంది సర్దుకుపోతారు.

వ్యాగన్‌కి ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టండి. ఆరాక నలుపు, గోధుమ అక్రిలిక్ రంగులు బాగా పల్చగా కలిపి పూసి, పైనుంచి కిందికే తుడవండి, వాన చారలు అలాగే పడతాయి. తుప్పు పట్టినట్టు కనిపించడానికి డ్రై పేస్టల్ (సుద్దలాంటి రంగు కడ్డీ) పొడి, మళ్లీ పల్చగా వార్నిష్. లోపల ఫోమ్ ముక్క మీద నిజం బొగ్గే నలగ్గొట్టి ఫెవికాల్‌తో అతికించండి.