కార్డు కొనేముందు ఓసారి మూత తీసి చూడు

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గేము ఆగి ఆగి నడుస్తోందని, తెర మీద బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డుకి 35 వేలు కావాలని రెండు వారాలుగా ఇంట్లో పోరు పెడుతున్నావట. మీ నాన్న కాదనలేక, ఈసారి కొబ్బరి దింపు డబ్బులు రాగానే ఇస్తానన్నాడట. ఇవ్వొద్దని నేను అనలేదు, పది రోజులు ఆగమన్నాను. ఇందులో రాసినవన్నీ చూశాక కూడా కార్డే కావాలని తేలితే, నేనే నీతో రాజమండ్రి వచ్చి దగ్గరుండి కొనిపిస్తాను.

ఈ రిపేరు బల్ల ముందు కూర్చుని పాతికేళ్లు దాటింది. 'కార్డు పోయింది, కొత్తది వేసెయ్యండి' అంటూ వచ్చిన కుర్రాళ్లలో చాలామందిని కొత్త కార్డు లేకుండానే ఇంటికి పంపాను. మన కోనసీమలో కంప్యూటర్‌కి వచ్చే జబ్బులు చాలావరకు గాలి వల్ల, కరెంటు వల్ల వస్తాయి. వాటిని అలాగే వదిలేసి కొత్త కార్డు వేస్తే, ఆరు నెలలు తిరక్కుండా అదీ అదే దారి పడుతుంది.

ముందు ఒకటి తేల్చుకో. ఏం జరిగినా నువ్వు 'ల్యాగ్' అంటావు. ఆ ఒక్క మాట కింద మూడు వేరు వేరు జబ్బులున్నాయి. నీ బొమ్మ ముందుకు పరిగెత్తి, మళ్లీ వెనక్కి లాగేసినట్టు పాత చోటికే వస్తోందా? నువ్వు కాల్చిన అరక్షణానికి గానీ అవతలివాడికి తగలడం లేదా? అది నెట్టు. మొదటి నుంచి చివరిదాకా ఆట మొత్తం బరువుగా, మందంగా సాగుతోందా? అది ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీద వచ్చే బొమ్మల లెక్క, తక్కువ కావడం. బాగానే పోతూ పోతూ ఉన్నట్టుండి అరసెకను బిగుసుకుపోయి మళ్లీ కదులుతోందా? అది స్టట్టర్, దానికి కారణాలు వేరు. రెండు రోజులు ఆడేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎన్ని గంటలకు, ఈ మూడింట్లో ఏది వచ్చిందో రాయి. టైము రాయడం మర్చిపోకు, ఎందుకో కిందకు వెళ్లాక నీకే తెలుస్తుంది.

నెట్టు సంగతి ముందు తేల్చేద్దాం. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, మీ రూటరు నంబరు వెయ్యి (చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది), చివర మైనస్ టి పెట్టు. రూటరు మీ ఇంట్లోనే ఉంది కాబట్టి జవాబు 1, 2 మిల్లీసెకన్లలో రావాలి. 60, 100 అంటూ గెంతుతుంటే తప్పు మీ వైఫైది. మీది తాతల నాటి మండువా ఇల్లు. రూటరేమో వీధి గదిలో, నువ్వేమో పెరటి వైపు గదిలో, మధ్యలో మూరెడు మందం గోడలు. ఆ గోడల్ని ఏ గ్రాఫిక్స్ కార్డూ దాటించలేదు. పాతిక మీటర్ల క్యాట్ 6 కేబుల్ తెచ్చి గోడవారగా లాగు, నీ గోలలో సగం అక్కడే పోతుందని నా అనుమానం. ముంబైలో ఉన్న సర్వర్ మనకు గాలి దారినే వెయ్యి కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెళ్లి రావడానికే కనీసం 10 మిల్లీసెకన్లు కావాలి, తీగలు చుట్టు తిరిగి పోతాయి కాబట్టి నిజానికి ఇంకా బాగా ఎక్కువే పడుతుంది. అందులో మన చేతిలో ఉన్నదేమీ లేదు, దాని గురించి టెన్షన్ పడకు.

ఇప్పుడు ఎఫ్‌పీఎస్. స్క్రూడ్రైవరు తీయకముందే రెండు చూడు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉందా, లేక పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి ఉందా? మదర్‌బోర్డుకి పెడితే మామూలుగా ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్సే పని చేస్తుంది, కొన్న కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఇంట్లో శుభ్రం చేసినప్పుడు తీసిన కేబుల్ మళ్లీ తప్పు చోట పెట్టడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. రెండోది, 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 144 బొమ్మలు చూపేది, కొన్నావు కదా, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అది 144 అనే ఉందో, 60 దగ్గరే ఆగిపోయిందో చూసుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. మూత తియ్యి.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు క్యాబినెట్ తెచ్చాడు. వాళ్ల ఇంటి పక్కనే కొబ్బరి పీచు ఆరబెట్టే కళ్లం. మొదటి పది నిమిషాలు గేము బ్రహ్మాండంగా ఆడుతుందట, తర్వాత ఎఫ్‌పీఎస్ 110 నుంచి 35కి పడిపోతుందట. మూత తీసి చూస్తే గ్రాఫిక్స్ కార్డు వేడిని లాగేసే హీట్‌సింక్ రేకులు కనపడలేదు. వాటి మీద గోధుమరంగు దుప్పటి పరిచినట్టుంది. పీచు పొట్టు, దాని మీద ఇంటి దుమ్ము, ఆ పైన సముద్రపు తేమ, అన్నీ కలిసి ముద్ద కట్టాయి. చిమటాతో అంచు పట్టుకుని లాగితే తెగకుండా ఒక్క ముక్కగా వచ్చేసింది. ఫ్యాన్లు పాపం తిరుగుతూనే ఉన్నాయి, గాలి పోవడానికి సందే లేదు. శుభ్రం చేసి, చిప్పు వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్టు మార్చి పంపాను. ఆ కార్డు ఇప్పటికీ ఆడుతోంది.

అక్కడ జరిగింది ఇది. వేడి హద్దు దాటితే కార్డు తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కార్డు 80 దాటి 83, 85 డిగ్రీల దాకా పోయినా కంగారు లేదు. 90 దాటుతోందంటే మాత్రం చూసుకోవాలి. ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 మధ్య వేగం తగ్గిస్తాయి. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో కార్డు వేడి కనిపిస్తుంది. అరగంట ఆడి చూసి అంకె రాసుకో. తర్వాత పక్క తలుపు తీసేసి మళ్లీ అరగంట ఆడు. వేడి 8, 10 డిగ్రీలు తగ్గిందంటే నీ క్యాబినెట్‌కి ఊపిరాడటం లేదన్నమాట. నువ్వు దాన్ని టేబుల్ కింద చెక్క అరలోకి తోసి పెట్టావని మీ అమ్మ చెప్పింది. ముందు దాన్ని బయటికి తియ్యి.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. అరుగు మీదికి తెచ్చుకుని బ్లోయరుతో ఊదు, మెత్తటి పెయింటు బ్రష్‌తో తుడువు. ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకుని ఊదాలి. వదిలేస్తే అది ఆపలేనంత వేగంగా తిరిగి బేరింగు పోతుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనరు దగ్గరికి రానీయకు, దానికి స్టాటిక్, అంటే రాపిడి కరెంటు, పుడుతుంది. పేస్టు బఠానీ గింజంత చాలు.

మీది సముద్రానికి దగ్గర ఊరు. అంతర్వేది వైపు నుంచి వచ్చే క్యాబినెట్లలో రాగి మీద, స్క్రూల చుట్టూ పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. ఉప్పుగాలి పని అది. ర్యామ్‌ని తీసి, బంగారు రంగు పళ్లని స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టు. మిషన్ ఆగిపోయి ఉన్నట్టుండి వచ్చే నీలం తెరలు కొన్ని దీనితోనే పోతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఆడకపోయినా రోజూ అరగంట ఆన్ చేసి ఉంచు, లోపలి వెచ్చదనానికి తేమ నిలవదు. వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడదీసి వదిలెయ్యకు. ఆ సందులోంచి బల్లి దూరి, తాను చచ్చి బోర్డుని చంపిన కేసులు నా దగ్గరికి వచ్చాయి.

కరెంటు గురించి కాస్త ఓపిగ్గా చదువు. గేము మధ్యలో మిషన్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందని కూడా చెప్పావు. విండోస్ తప్పుల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తోందని, అందుకే కార్డు పోయిందని ఎవరో అన్నారట. ఆ 41 చెప్పేది ఒక్కటే, మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఎన్ని గంటలకు ఆగుతోంది? రాత్రి పది దాటాకేనా? మీ ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి తెల్లారేదాకా ఏరేటర్లు తిప్పుతూనే ఉంటారు. ఆ మోటార్ల బరువు మీ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడితే ఇంట్లో వోల్టేజి దిగుతుంది. ఇలాంటి ఊళ్లోనే ఒక ఇంట్లో రాత్రి పదకొండింటికి మీటరు పెడితే, 230 ఉండాల్సిన చోట 168 చూపించింది. అదే మిషన్ పగలు నా షాపులో నాలుగు గంటలు ఏ గోలా లేకుండా ఆడింది. టైము రాయమన్నది ఇందుకే.

తక్కువ రకం ఎస్ఎమ్‌పీఎస్, అంటే మిషన్‌కి కరెంటు అందించే డబ్బా, ఆ దిగుడుకి తట్టుకోలేదు. దాని లేబుల్ చూడు. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే నయం, 200 నుంచి 240 అని ఉంటే నీ అనుమానం దాని మీదికే పోవాలి. యూపీఎస్ ఉందిగా అంటావు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. గేము ఆడుతున్నప్పుడు నీ మిషన్, మానిటర్ కలిసి అంతకు మించి లాగితే, కరెంటు పోయిన క్షణంలోనే అదీ చేతులెత్తేస్తుంది.

ఎర్తింగ్ విషయంలో నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక ఇంట్లో గేము మధ్యలో మౌస్, కీబోర్డు ఊడిపోతున్నాయి, హెడ్‌ఫోన్‌లో ఒకటే గుయ్‌మని మోత. మదర్‌బోర్డు పోయిందని చెప్పి మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే. అప్పుడు వాళ్లింటికి వెళ్లి క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంది. ఎర్తు లేకపోతే ఎస్ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టరు వల్ల క్యాబినెట్ రేకు మీదికి మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజి వస్తుంది. పెరట్లో తవ్వి చూస్తే ఉప్పు నేలకి ఎర్తు పైపు తుప్పు తినేసి ఎప్పుడో విరిగిపోయింది. ఆ బోర్డు డబ్బులు వాళ్లకి తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ముందు సాకెట్టు చూడకుండా ఏ పార్టూ మార్చమని చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా ఫేజుకీ న్యూట్రల్‌కీ ఉన్నంత వోల్టేజే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఈ పని నువ్వు చెయ్యకు, తెలిసినవాడితో చేయించు.

ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకెయ్యి. ఫైబర్ గాజుదే అయినా రూటరు అడాప్టరు కరెంటుకే ఉంటుంది, పిడుగు దెబ్బ ఆ దారిన వచ్చి ల్యాన్ పోర్టుని కొడుతుంది.

ఇంకో చిన్న సంగతి. రోజూ రాత్రి మెయిన్ స్విచ్ కట్టేస్తారు మీ ఇంట్లో. పొద్దున్న ఆన్ చేస్తే తేదీ తప్పు చూపిస్తోందా? సైట్లు తెరుచుకోకుండా సర్టిఫికెట్ తప్పంటున్నాయా? అలాగైతే మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ, 2032 నంబరుది, అయిపోయింది. దాంతో మిషన్ మొదలయ్యేటప్పుడు నడిచే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చేసి, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ కూడా ఆఫ్ అవుతుంది. 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది, నీకేమో గేము మెల్లగా అయిందనిపిస్తుంది. వాచీ షాపులో దొరికే బ్యాటరీతో పోయే జబ్బు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు చూస్తే తెలిసిపోతుంది. ర్యామ్ రెండు ముక్కలుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

డ్రైవర్ అప్‌డేట్ చేశాక మొదటి రెండు మూడు ఆటలు తడబడతాయి, బొమ్మలు గీయడానికి కార్డు వాడే షేడర్లనే చిన్న ప్రోగ్రాములు మళ్లీ తయారవుతుంటాయి. దానికి కంగారుపడి అన్నీ తీసి పెట్టకు. గేము హార్డ్ డిస్కులో ఉంటే అంతకంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీలోకి మార్చు. నీ కార్డుకి 4 జీబీ మెమరీయే కాబట్టి గేములో వస్తువుల పైపూత వివరాలు చూపే టెక్స్చర్ సెట్టింగు ఒక మెట్టు దించు, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం తగ్గొచ్చు. ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చి, రోజంతా ఆడి, ఫలితం రాసుకో. అయిదు కలిపి మార్చితే దేనితో బాగైందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇవన్నీ అయ్యాక కూడా తృప్తి లేకపోతే ఆఖరి పరీక్ష ఉంది. గేము రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించు. ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా లేస్తే నీ కార్డు శక్తి చాలడం లేదు, మీ నాన్నని అడగడం న్యాయమే. లేవకుండా అక్కడే ఉంటే ప్రాసెసరో ర్యామో అడ్డుపడుతోంది, కొత్త కార్డు వేసినా అంతే ఉంటుంది. వాలొరంట్ లాంటి ఆటల్లో ఎక్కువగా జరిగేది ఇదే. కార్డే కొనాల్సి వస్తే ముందు ఎస్ఎమ్‌పీఎస్ సరిపోతుందా లెక్క చూడాలి. కార్డు కూర్చునే స్లాటు 75 వాట్లు, ఎస్ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే 6 పిన్ కనెక్టరు 75, 8 పిన్ కనెక్టరు 150 ఇస్తాయి. సెకండ్ హ్యాండ్‌ది ఎవరైనా అమ్మజూపితే కళ్ల ముందు అరగంట గేము ఆడించి, తెర మీద చుక్కలు, గీతలు రాకపోతేనే డబ్బు తియ్యి.

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తున్నాను. మల్టీమీటరు, బ్లోయరు, పేస్టు, కొత్త 2032 బ్యాటరీ నేను తెస్తాను. నువ్వు ఈలోపు మూడు రాత్రులవి టైము, కార్డు వేడి, రూటరు పింగ్ నోట్‌బుక్‌లో రాసి ఉంచు. క్యాబినెట్ మూత నువ్వే తీసి శుభ్రం చేసుకున్నా సంతోషమే. ఎస్ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం తెరవకు. ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. అది నేను వచ్చాక చూద్దాం.

ప్రేమతో,
మీ మావయ్య