పరిశ్రమ – పర్యావరణం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నికెల్, క్రోమ్ ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు)లో మిగిలే స్లడ్జ్ (లోహపు బురద)ను దుండిగల్‌కు పంపే ఖర్చు ఏటేటా పెరిగిపోతోంది. తూకం తగ్గించుకునే మార్గం ఉందా? ఉచితంగా ఎత్తుకెళ్తానంటున్న ఒక తుక్కు వ్యాపారికి ఇచ్చేయవచ్చా?
– ఒక యజమాని, బాలానగర్

జవాబు: రెండో ప్రశ్న సంగతి ముందు తేల్చేద్దాం. ఇవ్వకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్లేటింగ్ స్లడ్జ్‌ను కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగ్ యూనిట్‌కో, దుండిగల్ వంటి శుద్ధి, పూడ్చివేత కేంద్రానికో మాత్రమే, ఫారం 10 మ్యానిఫెస్ట్ (రవాణా పత్రం)తో పంపాలి. ఉచితంగా వెళ్లిన సంచులు రేపు ఏ చెరువు గట్టునో, నాలా పక్కనో తేలితే అధికారులు వెతుక్కుంటూ వచ్చేది మీ గేటు దగ్గరికే. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదన్న నియమాన్ని, ఏటా జూన్ 30లోగా ఫారం 4లో లెక్క చూపాలన్న నియమాన్ని కూడా మరవకండి.

ఇక తూకం విషయం. చాలామంది యజమానులు ఈటీపీ దగ్గర నిలబడి స్లడ్జ్ ఎలా తగ్గించాలా అని ఆలోచిస్తారు. లోహాన్ని కాల్చినా పోదు, కుళ్లబెట్టినా పోదు. ఈటీపీ చేసేదల్లా దాన్ని నీటిలోంచి బురదలోకి మార్చడమే. కాబట్టి స్లడ్జ్ తగ్గాలంటే ప్లేటింగ్ తొట్టి దగ్గరే, జాబ్ (పూత వేసే వస్తువు) పైకి లేచే క్షణంలోనే తగ్గాలి.

ఒక లెక్క చూడండి. క్రోమ్ బాత్ (పూత ద్రావణపు తొట్టి)లో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం ఉంటుందనుకుందాం. జాబ్‌లను, వాటిని వేలాడదీసే ర్యాక్‌ను అంటుకొని ఒక లీటరు ద్రావణం కడుగు నీళ్లలోకి పోయిందంటే, అందులోని విషపు క్రోమియాన్ని తక్కువ హానికర రూపంలోకి మార్చేందుకు సిద్ధాంతం ప్రకారమే దాదాపు 350 గ్రాముల మెటాబైసల్ఫైట్ అనే రసాయనం కావాలి. ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తరువాత కాస్టిక్ సోడా (క్షారం) పోస్తే అడుగున దిగే క్రోమియం హైడ్రాక్సైడ్, బురదను పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి ముప్పావు వంతు నీటితో బయటికి వచ్చేసరికి కిలోకు తగ్గదు. అంటే డబ్బు పెట్టి కొన్న క్రోమిక్ ఆమ్లాన్ని డబ్బు పెట్టి కొన్న మరో రసాయనంతో చంపి, మళ్లీ డబ్బు కట్టి పూడ్పిస్తున్నారన్నమాట. మీ ఖాతా పుస్తకంలో ఇవి మూడు వేర్వేరు పద్దుల్లో ఉంటాయి గనుక నష్టం ఒక్కచోట కనబడదు.

అందుచేత ర్యాక్‌ను మెల్లగా ఎత్తించండి, తొట్టి మీదే కాసేపు వేలాడనివ్వండి, తొట్టికీ తొట్టికీ మధ్య వాలు పలక పెట్టించి కారిన చుక్కలు వెనక్కి పోయేలా చూడండి. పీస్ రేటు మీద పనిచేసే మనిషి తొందరపడతాడు. ఆ తొందరకు కూలి లెక్కే కారణం కాబట్టి, కేవలం మందలిస్తే మార్పు రాదు. బాత్ తరువాత పారని నీళ్ల తొట్టి ఒకటి పెట్టండి. బాత్ వేడికి ఆవిరైన మేరకు ఆ తొట్టి నీళ్లే తిరిగి పోస్తే లోహం చాలావరకు ఇంటికే చేరుతుంది. అయితే లోహంతో పాటు ఇనుము, రాగి వంటి మలినాలు కూడా చేరతాయి గనుక బాత్‌ను అప్పుడప్పుడు పరీక్ష చేయించి శుద్ధి చేయకతప్పదు. ఇది విస్మరించిన చోటే జాబ్‌లు మచ్చలు పడి, పాత పద్ధతే మేలన్న నిర్ణయానికి వచ్చేస్తారు.

కడిగే పద్ధతి కూడా మార్చాలి. లీటరు ద్రావణాన్ని వెయ్యి వంతులకు పలచబరచాలంటే ఒకే తొట్టిలో సుమారు 1000 లీటర్ల నీరు కావాలి. రెండు తొట్టెలు పెట్టి, నీరు జాబ్‌కు ఎదురుదిశలో పారేలా చేస్తే దాదాపు 32 లీటర్లు, మూడు తొట్టెలైతే 10 లీటర్లు చాలు. ఈ లెక్క ఆదర్శ పరిస్థితులది. మీ షెడ్‌లో కొంత ఎక్కువే పట్టవచ్చు. అయినా ట్యాంకర్ నీళ్లు కొనే యూనిట్‌కు ఇదొక్కటే తొట్టి ఖర్చు రాబట్టగలదు.

చివరగా, ఉన్న స్లడ్జ్‌ను వానకు తడవని రేకుల కింద, కాంక్రీటు గచ్చు మీద ఆరబెట్టండి. 80 శాతం తేమ ఉన్న టన్ను స్లడ్జ్, తేమ 50 శాతానికి దిగితే 400 కిలోలే తూగుతుంది. విషం అంతే ఉంటుంది. మీరు కిరాయి కట్టి మోయిస్తున్న నీరు మాత్రం తగ్గుతుంది.

ప్రశ్న: మా ఈటీపీలో కడుగు నీళ్లన్నీ ఒకే సంపులోకి వస్తాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), సున్నం వేస్తాం. క్రోమియం హద్దులోనే ఉన్నా నికెల్ ఎక్కువ వస్తోంది. ఇంకాస్త సున్నం వేస్తే సరిపోతుందా?
– ఒక సూపర్‌వైజర్, జీడిమెట్ల

జవాబు: నికెల్ దిగవచ్చు, కానీ క్రోమియం లేవవచ్చు. క్రోమియం హైడ్రాక్సైడ్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5 దగ్గర బాగా దిగుతుంది, నికెల్‌కు 10 దాకా పోవాలి. అంత క్షారంలో క్రోమియం మళ్లీ కరగడం మొదలుపెట్టవచ్చు. కనుక క్రోమ్ నీళ్లనూ నికెల్ నీళ్లనూ వేరు చేయడమే దారి. క్రోమ్ నీళ్లను ముందు పీహెచ్ 2.5 దగ్గరికి దించి మెటాబైసల్ఫైట్ కలపండి; పసుపు పూర్తిగా పోయి ఆకుపచ్చ తేలిన తరువాతే క్షారం వేయాలి. పసుపు ఛాయ మిగిలి ఉండగా క్షారం వేస్తే క్యాన్సర్ కారకమైన షట్సంయోజక క్రోమియం (ఆ పసుపుకు కారణమైన రూపం) దిగకుండా నీళ్లతోనే పోతుంది. దానికి హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియానికి 2, నికెల్‌కు 3.

అన్నభేది చవకే. కానీ ఒక్కో క్రోమియం పరమాణువుకు మూడు ఇనుప పరమాణువులు కావాలి, అవి కూడా హైడ్రాక్సైడ్‌గా దిగుతాయి. అందువల్ల పొడి బరువులో స్లడ్జ్ సుమారు నాలుగింతలవుతుంది, సున్నం వల్ల తయారయ్యే జిప్సం అదనం. పైగా నికెల్ స్లడ్జ్ విడిగా ఉంటే అనుమతి ఉన్న రికవరీ యూనిట్లు తీసుకునే అవకాశం ఉంది, ఇనుముతో కలగలిసిన దానికి ఆ గిరాకీ ఉండదు.

మీ దగ్గర సైనైడ్ రాగి లేదా జింక్ బాత్ కూడా ఉంటే, ఆ నీళ్లు ఈ సంపులోకి చేరడాన్ని ఈరోజే ఆపించండి. సైనైడ్‌కు ఆమ్లం తగిలితే వెలువడే హైడ్రోజన్ సైనైడ్ వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత నీలం డ్రమ్ములు మా బస్తీలో చవగ్గా అమ్ముతున్నారు. సబ్బుతో బాగా కడిగి తాగునీళ్లు నింపుకోవచ్చా?
– ఒక గృహిణి, షాపూర్‌నగర్

జవాబు: వద్దు. అందులో ఏ రసాయనం ఉండేదో అమ్మేవారికే తెలియదు, ప్లాస్టిక్ కొన్నిటిని పీల్చుకొని మెల్లగా వదులుతుంది. తాగునీటిలో నికెల్ హద్దు లీటరుకు 0.02 మిల్లీగ్రాములు, సీసం హద్దు 0.01, ఆ మోతాదులో ఉన్నది రంగుతోగానీ రుచితోగానీ బయటపడదు. ప్రమాదకర రసాయనాల ఖాళీ డ్రమ్ములు కూడా నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలే, వాటిని శుద్ధి చేయకుండా బయట అమ్మడం తప్పు. ఇప్పటికే కొన్నట్లయితే తాగడానికి, వంటకు, పశువుల కుడితికి వాడకండి. అమ్మకం ఇంకా సాగుతుంటే సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. డ్రమ్ము మీద లేబుల్ మిగిలి ఉంటే దాని ఫొటో జత చేయండి.