పిల్లలు లెక్క తప్పినప్పుడు నోరు మెదపకు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఎనిమిదో తరగతి పిల్లల చేత సైన్సు ప్రాజెక్టులు చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టమంటావని అడిగావు. ముందు థర్మాకోల్‌ను మరిచిపో. సౌరకుటుంబం కట్టి రంగులు పూస్తే అది బొమ్మ అవుతుంది తప్ప ప్రాజెక్టు కాదు. పైగా అందులో సగం పని ఇంట్లో పెద్దవాళ్లదే. పిల్లలు తామే కొలిచి జవాబు తేల్చుకోగల ప్రశ్న ఒకటి వెతుకు.

నేనైతే లోలకం ఎంచుకుంటాను. దారం, గుండు, గడియారం చాలు. అది ఊగే సమయం దేని మీద ఆధారపడుతుందని అడిగి ఊరుకోవాలి. ఒకసారి మా తరగతిలో జట్లన్నీ 25 సెంటీమీటర్ల లోలకాలు కట్టాయి (గుండు మధ్య వరకు కొలవాలి సుమా). ఆ పొడవుకు పది డోలనాలకు (గుండు అటు వెళ్లి మళ్లీ వదిలిన చోటికి వస్తే ఒక డోలనం) దాదాపు 10 సెకన్లు పట్టాలి. ఒక జట్టుకు మాత్రం ఎన్నిసార్లు చేసినా 9 వచ్చింది. గుండుదే తప్పన్నారు. పక్క జట్టు దగ్గర బరువైన గుండు అడిగి తెచ్చుకున్నారు. మళ్లీ 9. బరువుతో నిమిత్తం లేదని నేను చెప్పకుండానే అక్కడ తేలిపోయింది! చివరికి ఒక అమ్మాయి విన్నది: పక్క జట్టు వాళ్లు గుండు వదలగానే ‘సున్నా’ అంటున్నారు, తాము ‘ఒకటి’ అంటున్నారు. పది అనేసరికి అయినవి తొమ్మిదే. ఆ తప్పు నాకు మొదటి నిమిషంలోనే తెలుసు. చెప్పకుండా ఉండటానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వెంటనే చెప్పేసేవాణ్ణి. పిల్లలు దిద్దుకునేవారు, వారం తిరక్కుండా మరోచోట అదే తప్పు చేసేవారు.

అలాగని గాలికి వదిలేయకు. నోటుబుక్కు చూస్తూ ఉండు. ఏం జరుగుతుందనుకుంటున్నారో ప్రయోగానికి ముందే రాయించు. తరువాత రాయమంటే అందరి ఊహలూ నిజమైపోతాయి. రబ్బరు వాడనివ్వకు, తప్పు అంకె మీద ఒక గీత చాలు. మార్కులు ఆ కొట్టివేతలున్న పేజీలకే వెయ్యి. జట్టుకు నలుగురు దాటితే ఒకరు దిక్కులు చూస్తూ కూర్చుంటారు. దస్తూరి బాగున్న పాపానికి ఒకరి చేతే ఎప్పుడూ రాయించకు.

సిలబస్ వెనకబడుతుందని పైవాళ్లు అంటారు. కొంత వెనకబడుతుంది, నిజమే. ఏడాదికి రెండు ప్రాజెక్టులు చాలు. ఇదేదో కొత్త మోజు అంటే, అమెరికా విద్యావేత్త కిల్‌ప్యాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి మీద వ్యాసం రాసింది 1918లో అని చెప్పు.

మొదటి ప్రాజెక్టు అయ్యాక, అన్నిటికంటే ఎక్కువ కొట్టివేతలున్న పేజీ ఒకటి ఫోటో తీసి పంపించు.

నీ మామయ్య