లేజర్‌తో గడ్డం మీద వెంట్రుకలు శాశ్వతంగా పోతాయా? అసలు ఎలా పనిచేస్తుంది?

‘శాశ్వతం’ అని బోర్డు పెట్టిన చోటికి వెళ్ళకండి, ముందు ఆ మాట చెప్పి మొదలుపెడతాను. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఈ మెషిన్లకు ఒప్పుకున్నది ‘శాశ్వతంగా తగ్గించడం’ అనే మాట వరకే. మన దగ్గర మాత్రం పెళ్ళిళ్ళ సీజన్ రాగానే ఆరు సిట్టింగులకి జీవితాంతం నున్నగా అంటూ ప్యాకేజీలు అమ్మేస్తారు.

నాకు పీసీఓఎస్, అంటే మగ హార్మోన్లు ఎక్కువయ్యే అండాశయాల సమస్య. ఇరవై రెండో ఏట నుంచి గడ్డం కింద, దవడల మీద గరుగ్గా నల్లటి వెంట్రుకలు, పది రోజులకోసారి థ్రెడింగ్. మా పెద్దమ్మ కూతురి పెళ్ళి ఇంకో పదకొండు రోజులుందనగా విజయవాడలో ఒక పార్లర్‌కి వెళ్ళాను. ఆ అమ్మాయి నా ఒంటి రంగు పట్టించుకోలేదు, మందులేమైనా వాడుతున్నారా అని అడగలేదు, చల్లటి జెల్ రాసి, కళ్ళకి అద్దాలు పెట్టి, టపటపా కొట్టుకుంటూ పోయింది. పోపులో ఆవాలు చిట్లి మొహం మీద పడ్డట్టు ఉంది, పైగా మేక తలకాయ కాల్చే వాసన. "మంటుంటేనే పనిచేస్తున్నట్టు మేడమ్" అంది. మూడో రోజుకి దవడల మీద గోధుమరంగు మచ్చలు, ఇటు మూడు అటు మూడు, ఇటుకలు పేర్చినట్టు వరసగా. పెళ్ళిలో మా మేనత్త అందరి ముందూ "ఏమే, ఇస్త్రీపెట్టె మీద పడుకున్నావా?" అంది. ఆల్బమ్‌లో ఎక్కడ చూసినా నేను చెంపకి చెయ్యి ఆనించి ఏదో దీర్ఘాలోచనలో ఉన్నట్టు ఉంటాను.

తర్వాత చర్మ డాక్టర్ దగ్గరకెళ్తే తేలిందేంటంటే, పార్లర్‌లోది అసలు లేజరే కాదు, ఐపీఎల్, అంటే రకరకాల తరంగదైర్ఘ్యాలు కలిసిపోయిన ఫ్లాష్. కిటుకు మాత్రం రెండింటికీ ఒకటే. ఆ కాంతికి వెంట్రుక తెలీదు, నలుపు తెలుసు. వెంట్రుకలో మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు మాడుతుంది. నాలాంటి చామనఛాయ వాళ్ళకి అదే మెలనిన్ చర్మం పైపొరలోనూ బోలెడుంటుంది కదా, వేడి అక్కడే పుట్టి చర్మం కాలింది. డాక్టర్ నాకు వాడింది 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ యాగ్ లేజర్. పైపొర మెలనిన్ దాన్ని తక్కువ పీలుస్తుంది, కాంతి లోతుకి దిగుతుంది. కాబట్టి ఏ మెషిన్, ఎన్ని నానోమీటర్లు అని అడగండి, నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. నా మచ్చలు పోవడానికి ఏడు నెలలు పట్టింది.

అసలు గొడవ ఇంట్లో. థ్రెడింగ్ ఆపేసి రేజర్‌తో గీసుకుని రమ్మన్నారు డాక్టర్. దారంతో లాగేస్తే కుదురులో నల్లటి వెంట్రుకే మిగలదు, ఇక లేజర్ దేన్ని పట్టుకోవాలి? మా అమ్మ "ఆడపిల్ల గడ్డం గీసుకోవడమేంటే, రేపు మీసాలొస్తాయి" అని రేజర్‌ని బియ్యం డబ్బాలో దాచేసింది. గీస్తే దట్టంగా రావండీ, కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. మా నాన్న ముప్పై ఏళ్ళుగా రోజూ గీస్తున్నారు, ఈపాటికి నల్లమల అయిపోయి ఉండాలి.

ఒక్క సిట్టింగ్‌తో పోకపోవడానికి కారణం, పెరిగే దశలో ఉన్న వెంట్రుకలే సరిగ్గా దెబ్బతింటాయి, మిగతావి అప్పటికి నిద్రలో ఉంటాయి. నాకు నెల, నెలన్నరకోసారి చొప్పున తొమ్మిదయ్యాయి. ముప్పావు వంతు తగ్గాయి, మిగిలినవి సన్నబడ్డాయి. పీసీఓఎస్ ఉంటే దాని వైద్యం పక్కన జరగాల్సిందే, లేకపోతే హార్మోన్లు నూగుని ముదురు వెంట్రుకలుగా మారుస్తూనే ఉంటాయి. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు వెళ్తాను.

ఈమధ్య గడ్డం కింద రెండు తెల్లవి వచ్చాయి. వాటిలో మెలనిన్ లేదు, లేజర్‌కి కనబడవు. అందుకే ట్వీజర్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటోంది.